1983 బుల్లెట్‌ని ఇంట్లోనే నిలబెడుతున్నా: ప్రాజెక్టు డైరీ

మే నెల

బండి వివరాలు ముందు రాసుకుంటా. ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 స్టాండర్డ్, 1983 మోడల్, మా మేనమామది. తెనాలి దగ్గర ఊళ్ళో ధాన్యం కొట్టు పక్కన రేకుల పాకలో పదేళ్ళకు పైగా అలాగే నిలబడి ఉంది. ట్రాలీ ఆటోలో ఎక్కించి మా పెరట్లోకి తెచ్చాం. ఇంజను బిగుసుకుపోయింది, కిక్కు మీద మనిషి నిలబడినా కదలట్లేదు. టైర్లు పగుళ్ళిచ్చాయి, సీటు ఎలుకలు తినేశాయి, ట్యాంకు ఊపితే లోపల తుప్పు పెచ్చులు గలగలమంటున్నాయి.

అయినా చూడగానే నాకు సంతోషమేసింది, ఎందుకంటే లేని సామాను దాదాపు లేదు. హెడ్‌లైట్ డూము, దాని మీద రెండు చిన్న పైలట్ లైట్లు, కరెంటు ఎంత పోతోందో చూపించే యామ్మీటరు, టూల్‌బాక్సు మూతలు, ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీతలు, అన్నీ కంపెనీవే. పాత బండి తీసుకునేవాళ్ళు ముందు చూడాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం. ఇంజను తిరుగుతుందా లేదా అన్నది తర్వాత సంగతి. బిగుసుకున్న ఇంజన్ని తిప్పుకోవచ్చు, పోయిన కంపెనీ మడ్‌గార్డుని మాత్రం బజారులో కొనలేం, అక్కడ దొరికేది పల్చటి రేకు.

నేనింతవరకు ఏ ఇంజనూ విప్పలేదు. మొదటి ప్రాజెక్టుకి బుల్లెట్టే ఎందుకంటే, ఇంత తేలిగ్గా అర్థమయ్యే ఇంజను నాకు ఇంకోటి కనబడలేదు. ఒకే సిలిండరు, 346 సీసీ, బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) 90. ఇంజను వేరు, గేరుబాక్సు వేరు, మధ్యలో చైను. 1955లో ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో కలిసి మద్రాసులో మొదలుపెట్టిన ఫ్యాక్టరీలో, ఇంగ్లండులో గీసిన డిజైన్‌నే పెద్ద మార్పులు లేకుండా దశాబ్దాల పాటు తయారుచేశారు. అక్కడ రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడిపోయినా మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో పని ఆగలేదు. ఆ పోత ఇనుము సిలిండరు ఇంజను 2000 దాటాక కూడా చాలా ఏళ్ళు వచ్చింది కాబట్టి పిస్టన్లు, ప్యాకింగులు, వాల్వులు ఈ రోజుకీ మామూలు స్పేర్ పార్టుల షాపుల్లో అడిగితే ఇస్తారు. ఇంకే పాత బండికి ఇంత సదుపాయం ఉంది చెప్పండి.

కాగితాల సంగతి కూడా ఇక్కడే రాస్తున్నా, ఎందుకంటే చాలామంది దీన్ని ఆఖరికి వదిలేసి ఇబ్బంది పడతారు. ఆర్సీ ఉంది, గడువు మాత్రం ఎప్పుడో అయిపోయింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తున్నారు కానీ దానికి బండి వయసు 50 ఏళ్ళు దాటాలి. మనది ఇంకా దాటలేదు. కాబట్టి మామూలు పద్ధతిలోనే, బండి చూపించి, ఫిట్‌నెస్ తీసుకుని రెన్యువల్ చేయించాలి. దానికి ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు స్పష్టంగా కనబడాలి. అందుకే మొట్టమొదటి పనిగా రెండు నంబర్ల మీదా కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నా, ఫోటోలు తీసుకున్నా.

జూన్, విప్పడం

మా అమ్మాయి లేబుళ్ళు రాసింది, నేను విప్పాను. ఏ బోల్టు తీస్తే దాన్ని జిప్ కవరులో వేసి, ఎక్కడిది, ఎటువైపుది, వాషర్లు ఎన్నో అన్నీ రాసి, విప్పే ముందూ విప్పాకా ఫోటోలు. వైర్ల దగ్గర ఇంకా జాగ్రత్తపడ్డాం. బ్యాటరీ ఏ టెర్మినల్ ఎర్త్‌కి వెళ్తోందో విప్పకముందే రాసిపెట్టుకున్నాం.

ఈ కాలం బుల్లెట్లకి చాలావరకు అంగుళాల మరలే. పన్నెండు పధ్నాలుగు అని మన ఇంట్లో ఉండే మిల్లీమీటరు పానాలు వేస్తే పట్టినట్టే పట్టి, గట్టిగా లాగగానే జారి నట్టు మూలలు అరగదీస్తాయి. అందుకని ముందే విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లో విట్‌వర్త్ (పాత ఇంగ్లీషు అంగుళాల కొలత) పానాల సెట్టు వెతికి తెచ్చుకున్నా. వాడినవే, కానీ మంచి ఉక్కు. ఈ ప్రాజెక్టు మీద పెట్టిన డబ్బులో అన్నింటికంటే సార్థకమైన ఖర్చు అదే. తుప్పు పట్టిన నట్లకి ముందు రోజు రాత్రి డీజిల్లో కొంచెం ఇంజనాయిలు కలిపి పోసి ఉంచి (బ్రేక్ ఆయిల్ కాదు సుమా, అది పెయింటు లేపేస్తుంది), పొద్దున విప్పితే చాలావరకు మాట విన్నాయి.

క్లచ్చు వైపు పెద్ద మూత మొత్తం ఒకే ఒక్క నట్టు మీద ఆగుతుంది. అది తీస్తే మూతంతా చేతికొచ్చేస్తుంది, లోపల జంట వరసల ప్రైమరీ చైను, క్లచ్చు ప్లేట్లు, ఆల్టర్నేటరు కళ్ళెదురుగా ఉంటాయి. ఇలాంటి ఆలోచన చేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు గట్టిపడితే అక్కణ్ణుంచి ఆయిలు కారుతుంది, "బుల్లెట్ అంటే కారుతుంది" అని పేరు రావడానికి సగం కారణం ఈ రబ్బరే. కొత్తది వేశాం.

ఇక బిగుసుకున్న ఇంజను. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలోంచి డీజిలు, ఇంజనాయిలు కలిపి నిండుగా పోశాను. కొన్నాళ్ళు అలాగే ఉంచి, నాలుగో గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపడం, మళ్ళీ పోయడం, మళ్ళీ ఊపడం. కిక్కు మీద ఎగిరి దూకమని వీధిలో పోయేవాళ్ళందరూ సలహా ఇచ్చారు. అలా చేస్తే పిస్టను చుట్టూ ఉండే రింగులు విరిగి బోరు గీరుకుపోతుంది, లేదా కిక్కు షాఫ్టు పళ్ళు పోతాయి. ఓపిక పట్టాం. ఒక సాయంత్రం చక్రం ఊపుతుంటే చిన్నగా టక్‌మని పిస్టను కదిలింది. అమ్మాయి ఎగిరి గంతేసింది, నేనూ అంతే.

జూలై, కొలతలు

ఈ భాగం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అసలు నిర్ణయాలన్నీ ఇక్కడే జరిగాయి.

మా ఊళ్ళో బుల్లెట్లు మాత్రమే చేసిన పెద్దాయన ఉన్నారు, ఇప్పుడు షాపు మానేశారు, చేతులు వణుకుతాయి కానీ చెవి మాత్రం అలాగే ఉంది. ఆయన్ని ఇంటికి పిలిచాను. మిగతా అందరూ "ఇంజన్ మొత్తం విప్పేయ్, క్రాంకు మార్చేయ్, కొత్త రాడ్డు వేసేయ్" అన్నారు. ఆయన మాత్రం కుర్చీలో కూర్చుని, "అబ్బాయ్, ముందు కొలువు. కొలిచాక విప్పుదువుగాని" అన్నారు.

హెడ్డు, సిలిండరు బ్యారెలు తీశాక, పిస్టన్‌ని కింద తిరిగే క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు బయటికి కనబడుతుంది. క్రాంకుని తిప్పి రాడ్డు పైకొచ్చేలా పెట్టి, రెండు చేతులతో పట్టుకుని నిటారుగా పైకీ కిందికీ లాగి చూడమన్నారు. పక్కలకి కొద్దిగా ఊగడం మామూలే. పైకీ కిందికీ మాత్రం వెంట్రుకవాసి కూడా ఆడకూడదు. ఆడలేదు. ఈ ఇంజన్‌లో రాడ్డు కింది చివర రోలర్ బేరింగు ఉండదు, ఫ్లోటింగ్ బుష్షు ఉంటుంది, ఆయిలు పొరమీద తేలుతూ తిరిగే బుష్షు. ఆయిలు సరిగ్గా అందినంతకాలం అది చాలా ఏళ్ళు మన్నుతుంది. మెయిన్ బేరింగులు కూడా క్రాంకుని వేలితో తిప్పితే ఎక్కడా గరగర లేకుండా తిరిగాయి. అంటే కింది భాగం బాగుంది. బాగున్నదాన్ని విప్పితే ఫ్లైవీళ్ళు మళ్ళీ థౌ (అంగుళంలో వెయ్యో వంతు) లెక్కన సమానంగా కూర్చోబెట్టడం ఇంటి పని కాదు, దానికి సెంటర్లు, డయల్ గేజీ, చేయి తిరిగిన మనిషి కావాలి. కాబట్టి క్రాంకు ముట్టుకోలేదు. ఈ ప్రాజెక్టులో నేను తీసుకున్న మంచి నిర్ణయం ఇదేననుకుంటున్నా.

బోరు సంగతి వేరు. పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట రెండు దిక్కులా కొలిచాం. కింద దాదాపు కొత్త కొలతే, పైన రింగులు తిరిగే చోట 9 థౌ అరిగింది. పెద్దాయన పెట్టిన హద్దు 8 థౌ, అది దాటితే బాగుచేయించాల్సిందే. పైగా రింగులు ఇన్నేళ్ళు ఒకేచోట అతుక్కున్న దగ్గర తుప్పు గుంతలు ఉంగరంలా పడ్డాయి, గోరు పెడితే తగులుతున్నాయి. ఇది బోరు చేయించాల్సిందే, అంటే లోపల కోసి కాస్త పెద్ద పిస్టను వేయాలి. సంతోషించాల్సిన విషయం ఏంటంటే లోపలున్నది స్టాండర్డ్ సైజు పిస్టను, అంటే నలభై ఏళ్ళలో ఈ బ్యారెలుకి ఒక్కసారి కూడా బోరు జరగలేదు. 20 థౌ ఓవర్‌సైజు, దాదాపు అర మిల్లీమీటరు, సరిపోతుంది. ఇంకా పెద్ద సైజులకి అవకాశం మిగిలే ఉంది.

ముందు పిస్టను కొని, ఆ పిస్టన్‌నే తీసుకెళ్ళి లేతు మేస్త్రీ చేతిలో పెట్టాలి. పెట్టె మీద రాసిన సైజు చూసి బోరు చేస్తే కుదరదు, ఒక్కో పిస్టను పిసరంత తేడాగా ఉంటుంది, దాని స్కర్టు (కింది అంచు భాగం) కొలిచి దానికి తగ్గట్టు గ్యాపు వదలాలి. ఆటోనగర్‌లో బోరింగు చేసినాయన పని చూడ్డానికి పక్కన నిలబడనిచ్చారు. హోనింగు (రాళ్ళతో రుద్ది నునుపు చేయడం) అయ్యాక గోడమీద సన్నటి గీతలు గళ్ళు గళ్ళుగా కనబడాలి, ఆ గీతల్లోనే ఆయిలు నిలుస్తుంది.

ఇంటికి తెచ్చాక చేసిన ఒక పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హోనింగు పొడి పెట్రోలుతో కడిగితే పోదు, గీతల్లో ఉండిపోయి కొత్త రింగుల్ని తినేస్తుంది. వేడి నీళ్ళు, సబ్బు, బ్రష్షుతో తోమాలి. తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే ఆ గుడ్డకి బూడిదరంగు అంటకుండా వచ్చేదాకా తోమాలి. ఆరగానే వెంటనే ఆయిలు రాయాలి, లేకపోతే మన కోస్తా గాలికి కళ్ళముందే ఎర్రబడుతుంది. రింగుల్ని ఒక్కొక్కటే బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా నెట్టి, ఫీలర్ గేజీతో గ్యాపు చూశాం. అంగుళం బోరుకి 4 థౌ అనే పాత లెక్క ప్రకారం 11 థౌ ఉండాలి. ఒక రింగు తక్కువ వచ్చింది, సన్నటి ఆకురాయితో చివర రుద్ది సరిచేశాం.

వాల్వుల దగ్గర ఇంకో పాఠం. కొత్త సెట్టు కొన్నాను, ఏ షాపో అనవసరం. అలవాటుగా పాతదానికీ కొత్తదానికీ కాడ కొలిస్తే, నలభై ఏళ్ళు తిరిగిన పాత ఇన్‌లెట్ వాల్వు కాడే కొత్తదాని కంటే లావుగా ఉంది! కొత్తది గైడులో, అంటే కాడ జారే గొట్టంలో, వదులుగా ఆడుతోంది. తిరిగిచ్చేసి పాత వాల్వులకే పేస్టు పెట్టి, రబ్బరు కప్పు కర్రతో అరచేతుల మధ్య తిప్పుతూ గ్రైండ్ చేశాను. సీటు మీద బూడిదరంగు పట్టీ చుట్టూ ఒకే వెడల్పుతో వచ్చాక, హెడ్డు తిరగేసి పోర్టులో కిరోసిన్ పోసి ఉంచాం. చుక్క కూడా దిగలేదు.

ఆగస్టు, ఆయిలు, ట్యాంకు, కరెంటు

బుల్లెట్‌కి ఆయిలు ట్యాంకు విడిగా ఉండదు, క్రాంక్ కేసులోనే వెనకవైపు గదిలా ఉంటుంది. అక్కణ్ణుంచి ఒక పంపు ఆయిల్ని క్రాంకుకి పంపిస్తుంది, రెండో పంపు కింద చేరినదాన్ని వెనక్కి తోడుతుంది. రెండోదాని శక్తి ఎక్కువ, అందుకే నడుస్తున్నప్పుడు కింద ఆయిలు నిలవదు. ఏళ్ళ తరబడి ఆగిపోతే మాత్రం ఆయిలంతా మెల్లగా క్రాంకు గదిలోకి దిగిపోతుంది. అడుగు బోల్టు తీస్తే నల్లటి తారులాంటిది వచ్చింది. డీజిల్‌తో కడిగి, పంపు డిస్కుల్ని అద్దం పలక మీద మెటల్ పాలిష్ వేసి గుండ్రంగా రుద్ది సమం చేశాను. కొత్త ఫిల్టరు, క్రాంకు చివర ఆయిలు లోపలికెళ్ళే చోట కొత్త సీలు, 20డబ్ల్యూ50 ఆయిలు. ఆ సీలు చిన్నదే, ధర కూడా లేదు, కానీ రాడ్డు బుష్షు బతికేది దాని మీదే.

ట్యాంకుకి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు వాడాను. లీటరు గోరువెచ్చటి నీళ్ళకి యాభై గ్రాముల లెక్కన కలిపి, ట్యాంకు నిండా పోసి, రాత్రంతా ఉంచాం. తర్వాత చిన్న నట్లు వేసి ఊపడం, పారబోయడం, మళ్ళీ పోయడం. లోపల లోహం బూడిదరంగుకి వచ్చాక తినే సోడా నీళ్ళతో కడగాలి, లేకపోతే మిగిలిన ఆమ్లం పని చేస్తూనే ఉంటుంది. వెంటనే ఎండలో ఆరబెట్టి, కాస్త ఆయిలు వేసి తిప్పాం. పెట్రోలు కాక్‌లో కార్కు, పాత రబ్బరు పైపు రెండూ మార్చాం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, దానికి పాత రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది, పైగా ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. కాబట్టి బండి వారం కంటే ఎక్కువ కదలకపోతే కార్బరేటర్ ఖాళీ చేసి పెట్టాలని నియమం పెట్టుకున్నా.

వైరింగు మొత్తం కొత్తగా నేనే కట్టాను. ఇది ఆరు వోల్టుల బండి. పన్నెండు వోల్టులకి మార్చేయమని చాలామంది అన్నారు, వాళ్ళ మాటలో అర్థం లేకపోలేదు, అయినా ఉన్న ఆల్టర్నేటరు బాగుంది, దాన్ని అలాగే ఉంచాలనుకున్నా. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. 35 వాట్ల బల్బు పన్నెండు వోల్టుల మీద మూడు ఆంపియర్లు తీసుకుంటే, ఆరు వోల్టుల మీద దాదాపు ఆరు లాగుతుంది. కాబట్టి వైరు లావుగా ఉండాలి, ప్రతి కనెక్షన్ శుభ్రంగా ఉండాలి. పాత ఆరు వోల్టుల బండ్లకి లైటు గుడ్డిగా వెలగడానికి చాలాసార్లు కారణం తుప్పు పట్టిన ఎర్త్. ఫ్రేము దగ్గర పెయింటు గీకి, ఎర్త్‌కి విడిగా ఒక వైరు వేశాను.

పెయింటు గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఫ్రేముకి నలుపు మళ్ళీ వేయించాం, ఛాసిస్ నంబరు మీద టేపు వేసి మరీ. ట్యాంకుకి మాత్రం వేయించలేదు. ఆ బంగారు గీతలు మద్రాసులో ఎవరో కుంచె పట్టుకుని ఒక్క లాగులో గీసినవి. అక్కడక్కడా చెరిగాయి, మోకాళ్ళు తగిలేచోట నలుపు పల్చబడింది. మావయ్య మోకాళ్ళు అవి. మైనం పట్టించి వదిలేశాం.

సెప్టెంబరు, స్టార్టు

టాపెట్లు, అంటే వాల్వుల్ని తెరిచే పుష్ రాడ్ల సర్దుబాటు, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కంప్రెషన్‌లో పిస్టను పైకొచ్చినప్పుడు పుష్ రాడ్డు వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. మూడు సన్నటి పానాలు ఒకేసారి పట్టుకోవాలి, ఇద్దరుంటే తేలిక.

పాయింట్ల (విడిపోయినప్పుడు ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే కాంటాక్టుల) గ్యాపు 15 థౌ. ఆ నిప్పురవ్వ పడే టైమింగు, పిస్టను పైకి చేరడానికి 0.8 మిల్లీమీటరు ముందు పాయింట్లు విడిపోవడం మొదలవ్వాలి. సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఇంజను తిప్పితే, ఏ క్షణాన కాగితం జారిందో అదే టైమింగు. ఇది ముందుకి జరిగితే కిక్కు వెనక్కి తన్నుతుంది, మడమ విరిగినవాళ్ళున్నారు, కాబట్టి స్టార్టు చేసేముందు రెండోసారి కూడా చూసుకోవాలి.

ప్లగ్గు తీసేసి, హెడ్డు మీదికెళ్ళే ఆయిలు పైపు బోల్టు కొంచెం వదులు చేసి కిక్కు కొడుతూ పోయాం. అక్కడ ఆయిలు ఊరడం మొదలయ్యాకే ప్లగ్గు బిగించాం. పెద్దాయన వచ్చి కుర్చీ వేసుకున్నారు. కిక్కు బరువు తగిలేదాకా నొక్కి, సిలిండరులో ఒత్తిడి వదిలేసే డీకంప్రెషర్ లివర్ పట్టుకుని ఇంకొంచెం దాటించి, లివర్ వదిలి, కిక్కు పైకి రానిచ్చి, పూర్తిగా ఒక్క తోపు. మొదట్లో దగ్గింది, ఆగింది. కార్బరేటర్ ఐడిల్ స్క్రూ పావు చుట్టు తిప్పాక అందుకుంది.

పొగ వచ్చింది, అసెంబ్లీ ఆయిలు కాలేదాకా వస్తుందని తెలుసు. యామ్మీటరు ముల్లు పాయింట్ల లయకి తగ్గట్టు అటూ ఇటూ కొట్టుకుంటోంది. నాకు చప్పుడు కంటే ముందు ఆ ముల్లే కనబడింది. పెద్దాయన కళ్ళు మూసుకుని విని, "ఎగ్జాస్ట్ టాపెట్ కొంచెం బిగువుగా ఉంది, చల్లారాక చూడు" అన్నారు. చల్లారాక చూస్తే పుష్ రాడ్డు తిరగడానికి నిజంగానే కొంచెం బరువుగా ఉంది. మావయ్య ఫోన్‌లో విన్నారు. "అదేనా?" అని రెండుసార్లు అడిగారు.

ఇప్పటి పరిస్థితి

మా వీధి చివరిదాకా వెళ్ళొస్తోంది. గేర్లు కుడికాలికి, మొదటి గేరు పైకి, బ్రేకు ఎడమకాలికి, అలవాటు పడుతున్నా. న్యూట్రల్ కోసం మడమతో నొక్కే చిన్న లివరుంది, మొదటి గేరు తప్ప ఏ గేర్లో ఉన్నా నేరుగా న్యూట్రల్‌లోకి తెచ్చేస్తుంది. ఇప్పటి బండ్లకి అది ఎందుకు తీసేశారో నాకర్థం కాదు.

హెడ్డు నట్లు వేడెక్కి చల్లారాక మళ్ళీ బిగించాను, కొంచెం తిరిగాయి. మొదటి 500 కిలోమీటర్లు 40 దాటించొద్దని పెద్దాయన ఆజ్ఞ, ఆలోపే ఒకసారి ఆయిలు మార్చాలి. వెనక హబ్బులో కుదుపు తగ్గించే కుష్ రబ్బర్లు అరిగాయి, గేరు వేసినప్పుడు టప్‌మంటోంది, ఆర్డరు పెట్టాను. స్పీడోమీటర్ కేబులు దొరికింది, కొలత కుదరాలి. ఫిట్‌నెస్‌కి తీసుకెళ్ళేలోపు హారను, బ్రేకు లైటు పనిచేయాలి. బ్రేకు లైటు వెలుగుతోంది. హారను లోపల కాంటాక్టు తుప్పు పట్టింది, ఈ ఆదివారం దాన్ని విప్పుతాను.